ఒకటే గాడి

కూతురు అమరావతికి ఇంట్లో ఉయ్యాల కట్టాలని తులసమ్మ ఎన్నాళ్లనుంచో పోరుతోంది. పుంగనూరులోని ఆ ఇంట్లో రెండో పెళ్లాం మాటకు చెవులుండవు. అందుకే మొగుడు వెంకటరమణప్ప టమోటాలెత్తుకుని మదనపల్లెకు పోయిన రోజు చూసుకుని, తనే నిచ్చెన వేసుకుంది.

దూలానికి గోనెపట్ట చుట్టబోయి ఆగింది. కొయ్యలో తాడు ఒరిసిన గాడి. పాతది.

"అత్తా, ఈడ ముందే ఉయ్యాల ఉండిందా?"

గోవిందమ్మ చేటలో రాగులు చెరుగుతూనే, "ఉండె. మీ అక్క కట్టుకునింది" అంది.

అక్కంటే మొదటి పెళ్లాం మునిలక్ష్మమ్మ. జరమొచ్చి పోయిందని పెళ్లిచూపుల్లోనే చెప్పారు.

గాడికి అటొకటి, ఇటొకటి గోనె మీదుగా కొత్త తాళ్లు కట్టి, తులసమ్మ పలక బిగించింది. రాగుల మూటను కూర్చోబెట్టి ఊపింది. తనూ వేలాడి చూసింది. ముడి జారలేదు. అప్పుడే బిడ్డను ఎక్కించింది.

దీపాలవేళకు వాన మొదలై కరెంటు పోయింది. తడి గోనె వాసన. దాని అడుగున పసుపు వాసన. ఉయ్యాల దూలం కిందికి వచ్చినప్పుడల్లా అమరావతి తల వంచుతోంది.

"యాల వంగుతాండావు పాపా?"

"ఆయమ్మ కాళ్లు తగల్తాండాయి మా..."

"యాయమ్మ?"

బిడ్డ వేలు నేరుగా పైకి చూపింది.

లాంతరెత్తింది. ఎవరూ లేరు. రెండు తాళ్లు... నడుమ ఆ గాడి. ఒకటే గాడి.

ఉయ్యాలకు రెండు తాళ్లు కదా.

బిడ్డను లాక్కుని తల నిమిరింది. పాపిట తడి. వేళ్లు వెలుగులో పెట్టింది. పసుపు. అత్త పసుపు మాని ఏళ్లయింది. తులసమ్మ ఆ పూట పూసుకోనే లేదు.

"జరమా అత్తా? మీ ఇంట్లో ఉయ్యాలకు ఒక తాడేనా కట్టేది?"

"మెల్లగా మాట్లాడు... ఇంటాది."

"ఎవురు?"

గోవిందమ్మ చేట ఎత్తుకుని దూలానికి దూరంగా జరిగింది.

అక్క చావును జరం చేశారు. రేపు తన చావును, తన బిడ్డ చావును ఏం చేస్తారో! తులసమ్మ మొగుడి కోసం ఆగలేదు. కొడవలితో తాళ్లు తెగ్గోసి, బిడ్డను చంకనేసుకుని, పుట్టిల్లు కుప్పానికి బస్సెక్కేసింది.

పలమనేరు దాటాక ఊపిరి తీసుకుంది. ఒళ్లో నిద్రపోతున్న అమరావతి కళ్లు తెరిచి, బస్సు కప్పు వైపు చూసింది. గుసగుసగా అంది.

"మా... తల వంచుకో. ఈసారి నీకు తగల్తాయి."

తులసమ్మ వంచుకుంది. అయినా... పాపిట్లో చల్లగా, తడిగా తగిలింది.