ముద్ర వేసిన చెయ్యి

ఉత్తరాన మంచు దేశంలో, ఔలు ఊరి రేవులో, తొప్పిల పేట వైపు, పాత చేపల గిడ్డంగి కింద ఒక ఇనప గది ఉంది. దానికి మంచి పేరు లేదు.

పైన ఇప్పుడు చేపలూ లేవు, ఉప్పు పీపాలూ లేవు. ఫోన్లను నడిపించే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ ఒకటి నడుస్తోంది. కానీ మెట్లు దిగి కిందికి వెళితే పాత ఉప్పు వాసన ఇంకా ముక్కుకి తగుల్తుంది. గది చుట్టూ ఉక్కు రేకు. రేకు మీద మూరెడేసి నల్లటి స్పాంజి మేకులు — గోడలకీ, కప్పుకీ, ఆఖరికి నేలకీ. నేల మేకులకి పైన ఎత్తుగా తీగల వల బిగించి ఉంటుంది, దాని మీదే నడవాలి. బయటి సిగ్నల్ లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. ఫోన్లను పరీక్షించడానికి అలా కట్టారు. మనిషి గొంతుకీ అదే గతి. నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, గోడలు మింగేస్తాయి.

ఆ గదిలో ఎవరో ఊపిరి పీలుస్తుంటారని చెప్పుకునేవారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి... సరిగ్గా మెడ వెనకాల.

రెండేళ్ళ కిందట ఊర్హో అనే ఇంజనీరు అక్కడే చచ్చిపడి దొరికాడు. నిచ్చెన మీంచి జారాడన్నారు. పోలీసులు సరేనన్నారు. గేటు దగ్గర కాపలా ఉండే కౌకో మాత్రం సరే అనలేదు. శవాన్ని మొదట చూసింది ఆ ముసలాయనే.

"జారిపడితే తల ఒక్కచోట పగుల్తుంది," అనేవాడు గొంతు తగ్గించి. "నేను చూసినప్పుడు... అది తలలా లేదు."

హెల్కా ఊర్హో దగ్గర పని నేర్చుకున్న మనిషి. అతను పోయాక అతని పని ఆమె మీద పడింది.

ఆ పని ఏమిటంటే — ఫోన్‌కి కడుపులో కడుపు లాంటి చోటు ఒకటుంటుంది, కెర్నెల్ అంటారు. వచ్చే సమాచారం, పోయే సమాచారం, ప్రతి ముక్కా దాని గుండానే వెళ్ళాలి. అక్కడ చిన్న చిన్న ప్రోగ్రాములను కూర్చోబెడతారు. ఒకటి డేటా ఎంత ఖర్చయిందో లెక్కపెడుతుంది, ఒకటి రాకూడనిదాన్ని ఆపేస్తుంది. అక్కడ కూర్చున్నవాడికి కనపడనిదంటూ ఉండదు. దొంగ ఒక్కడు దూరాడంటే ఇల్లు గుల్లే. అందుకని హెల్కా రాసిన లోడర్ అనే కాపలా ప్రోగ్రాం తలుపు దగ్గర ఉంటుంది. ఫోన్ కళ్ళు తెరిచే క్షణంలో, ఇంకేదీ లేవకముందే అది లేస్తుంది. కంపెనీ ఇంజనీర్లు వేసిన ముద్ర ఉన్న ప్రోగ్రాములనే లోపలికి పంపి తలుపు మూసేస్తుంది. ఆ తర్వాత ఎవరొచ్చి కొట్టినా ఆ తలుపు తెరుచుకోదు.

మొగుళ్ళ చేతుల్లో చావుదెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకి ఆశ్రయ గృహాలవాళ్ళు ఈ ఫోన్లే ఇచ్చేవారు. వీటితో ఎవరూ జాడ పట్టలేరని వాళ్ళ ధైర్యం.

ఆ డిసెంబరులో కెమి ఊళ్ళో సానెల్మా అనే ఆమెని మొగుడు పట్టుకున్నాడు. ఆమె ఎక్కడుందో కన్నతల్లికి కూడా తెలీదు. వాడికి తెలిసింది. బస్టాపులో అందరూ చూస్తుండగా జుట్టు పట్టి మంచులోకి ఈడ్చి, పొడిచాడు. కత్తి పిడి ఊడి చేతిలోకి వచ్చేదాకా పొడుస్తూనే ఉన్నాడు.

ఆమె ఫోన్‌ని పోలీసులు పరీక్ష కోసం కంపెనీకి పంపారు. అద్దం పగుళ్ళలో రక్తం ఎండిపోయి ఉంది. తుడవబోయిన గుడ్డని హెల్కా పక్కన పెట్టేసింది.

ఆ రోజు ఆఫీసువాళ్ళకి ఊళ్ళో క్రిస్మస్ ముందటి చిన్న విందు. మధ్యాహ్నం తిన్నది అరక్కముందే చీకటి పడిపోయే కాలం. అందరూ వేడి ద్రాక్షసారాకి తొందరపడి ఊళ్ళోకి వెళ్ళిపోయారు. హెల్కా ఫోన్ తీసుకుని కిందికి బయల్దేరింది. గేటు గదిలోంచి కౌకో తల బయటికి పెట్టాడు.

"ఒక్కదానివే వెళ్ళకు, అమ్మాయ్."

"పోనీ నువ్వు రా."

"నాకు పెన్షన్ తీసుకోవాలని ఉంది."

"నీ దెయ్యానికి ఓవర్‌టైం ఇస్తున్నారా ఏంటి, పగలు కూడా పనిచేస్తుందా?"

కౌకో నవ్వలేదు. "ఇప్పుడు పగటికీ రాత్రికీ తేడా ఏముంది ఇక్కడ," అన్నాడు. "తలుపు పూర్తిగా వెయ్యకు."

వెయ్యకపోతే పరీక్ష జరగదు. హెల్కా లోపలికి వెళ్ళి, ఆ బరువు తలుపు లాగి, బయటినించి కూడా తిరిగే ఆ గడియ తిప్పింది.

నిశ్శబ్దం చెవుల్లోకి దూది కుక్కినట్టు దిగింది. కాసేపటికి గుండె చప్పుడు వినిపించింది. తర్వాత మెడలో రక్తం పరుగు. ఇవి ఆమెకి కొత్త కాదు.

ఫోన్‌ని కంప్యూటరుకి తగిలించింది. పైన తన బల్ల దగ్గర అంతకుముందే ఒకసారి చూసింది — కెర్నెల్‌లో ఉండాల్సినవే ఉన్నాయి, అన్నిటికీ ముద్రలు సరిగ్గానే ఉన్నాయి. ఇప్పుడు ఫోన్ ఆపి, మళ్ళీ లేపింది. లోడర్ లేచింది... ఒక్కొక్కటే లోపలికి పంపింది... తలుపు మూసింది.

ఈసారి ఒకటి ఎక్కువగా ఉంది.

పైన లేని ప్రోగ్రాం. హెల్కా పెట్టనిది. లోడర్ దాన్ని ఆపలేదు — అంటే దాని మీద సరైన ముద్రే ఉంది. పేరు చూసింది. వాళ్ళ భాషలో రెండే మాటలు.

వెనక్కి చూడు.

హెల్కా ముందు దాన్ని ఇంజనీరులాగే అర్థం చేసుకుంది. ఈ కొత్త ప్రోగ్రాం డేటా లెక్కపెట్టే ప్రోగ్రాంకి అంటుకుని కూర్చుంది. అయితే చూడాల్సింది దాని వెనకాల... విప్పింది. లోపల ఉండకూడని ముక్క ఒకటి ఉంది. ఫోన్ ఎక్కడుందో నిమిష నిమిషానికీ పసిగట్టి, మిగతా డేటా మధ్యలో దాచి, బయట ఎవరికో పంపుతోంది. ఈ ఇనప గదిలో దారి దొరక్క మళ్ళీ మళ్ళీ తలబాదుకుంటోంది. ఆ పోట్లను పక్కనున్న కొత్త ప్రోగ్రాం ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టి చూపిస్తోంది.

ఆ దొంగ ముక్క ఉన్న ప్రోగ్రాం మీద ముద్ర ఎవరిదో చూసింది. ఇల్మోది.

ఇల్మో ఆమె పైఅధికారి. మాట మెత్తన. ఊర్హో శవపేటికకి ముందు భుజం పట్టినవాడు.

తన లోడర్ ముద్రని చూసింది గాని, ముద్ర వేసినవాడి బుద్ధిని చూడలేదు. చూసే శక్తి దానికి లేదు కూడా. సానెల్మా ఇంటి దారి ఆ మొగుడికి అలా తెలిసింది.

హెల్కా ఆ పేరు ఇంకోసారి చదివింది. వంగి, బల్ల అంచు పట్టుకుంది.

అప్పుడు... మెడ వెనకాల ఊపిరి.

చల్లగా. ఉప్పు వాసనతో. అంత దగ్గరగా ఉంటే పెదాలు తగలాలి.

చటుక్కున తిరిగింది.

వెనకాల ఇల్మో. అతను తలుపు తీసిన చప్పుడు కూడా గోడలు మింగేశాయి. రెండు చేతులా ఎత్తిన ఇనప గొట్టం — ఏంటెన్నాలు బిగించేది — అప్పటికే కిందికి వస్తోంది. తలకి పడాల్సిన దెబ్బ భుజానికి పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకి లోపల్నించి వినిపించింది.

తీగల వల మీద పడిపోయింది. అతను తలుపు కాలితో తోసి, గడియ తిప్పాడు.

"విందుకి రాలేదేమా అని వచ్చాను," అన్నాడు. ఆయాసం కూడా లేదు. "నిన్ను ఆ ఫోన్ ముట్టుకోవద్దన్నానా?"

"ఆవిణ్ణి ఎంతకి అమ్మావు?"

సమాధానంగా మోకాలి మీద కొట్టాడు. ఆమె అరిచింది. ఆ అరుపు ఆమె చెవులకే సరిగ్గా అందలేదు.

"ఊర్హో కూడా ఇలాగే అడిగాడు," అన్నాడు ఇల్మో. "ఇక్కడే. తెలివైనవాడు... కానీ వెనక్కి చూసుకోడు."

జుట్టు పట్టి తల పైకి లాగాడు. హెల్కా దొరికిన చెయ్యి దొరికినట్టే కరిచింది. పళ్ళకి ఎముక తగిలేదాకా వదల్లేదు. అతను విదిలించుకుని గొట్టం ఊపాడు. అది దీపానికి తగిలింది. చిట్లింది. బల్ల తిరగబడి కంప్యూటరూ ఫోనూ ఆరిపోయాయి.

చీకటి.

ఆ గది చీకటికి తోడు ఆ గది నిశ్శబ్దం. హెల్కా నోరు మూసుకుని, రక్తం మింగుతూ, కదలకుండా పడుకుంది. అతని రొప్పు వినిపిస్తోంది, కాళ్ళ వైపు. తన ఊపిరి బిగబట్టింది.

రొప్పు ఒక్కటే ఉండాలి.

రెండున్నాయి.

రెండోది తాపీగా ఉంది. గోడ వైపు నించి... ఇల్మో వైపు నడుస్తున్నట్టు. తీగల వల అణువంత కూడా కదలడం లేదు.

ఇల్మో రొప్పు ఆగిపోయింది. అతను కూడా విన్నాడు.

"ఎవరది?" గుసగుసగా అడిగాడు. "హెల్కా... నువ్వేనా?"

ఆమె వలకి ఇంకా అంటుకుపోయింది.

"ఎవరది?"

గొట్టం గాలిని కోసింది. స్పాంజిని చీల్చింది. మళ్ళీ ఊపాడు, మళ్ళీ. ఆ ఊపిరి మాత్రం తాపీగా అతని చుట్టూ తిరుగుతూనే ఉంది. అతను పిచ్చెత్తినట్టు కిందా మీదా బాదుతున్నాడు. బాదీ బాదీ వలకే తగిలింది. తీగలు ఠంగున తెగాయి. అతని కాలు సందులోంచి దిగిపోయింది, ఒళ్ళు ఇంకో వైపు ఒరిగింది. పచ్చి కొమ్మ విరిచినట్టు చప్పుడు.

గొట్టం జారి దొర్లుకుంటూ వచ్చి హెల్కా చేతికి తగిలింది.

ఆమె లేవలేదు. మోకాళ్ళ మీదే పాకుతూ వెళ్ళింది, ఒక చెయ్యి వేలాడేసుకుని. రెండో చేత్తో కొట్టింది. దవడకి తగిలింది. మళ్ళీ కొట్టింది. అతను ఏదో అంటున్నాడు, బతిమాలుతున్నాడు, ఆ మాటల్ని గోడలు తాగేస్తున్నాయి. వినపడని మనిషిని కొట్టడం ఎంత తేలికో ఆమెకి ఆ చీకట్లో తెలిసింది. ఇంకా కొట్టేదే.

ఆ రెండో ఊపిరి ఆగిపోయింది. ఎవరో వింటున్నట్టు.

హెల్కా చెయ్యి దించింది. గోడ పట్టుకుని, తలుపు వెతుక్కుని, గడియ తిప్పి, మెట్ల మీదికి పాకింది. పైనించి కౌకో ఆమెని చూసి, ఏమీ అడక్కుండా చేతుల్లోకి ఎత్తుకున్నాడు.

ఇల్మో బతికాడు. తీగలు బిగించిన దవడతోనే అన్నీ ఒప్పుకున్నాడు — ఆడవాళ్ళ జాడ అమ్మడం, ఊర్హోని చంపడం, శవం పక్కన నిచ్చెన తెచ్చి పెట్టడం. కంపెనీ ఆ ఫోన్లన్నీ వెనక్కి తెప్పించింది.

పోలీసుల తరఫున ఈ సాఫ్ట్‌వేర్ చూసిన ఆవిడ పేరు రౌని, నిదానమైన మనిషి. ఆసుపత్రిలో హెల్కా మంచం పక్కన కూర్చుని ఊపిరి సంగతి కొట్టిపారేసింది.

"అలాంటి గదిలో మన రక్తం చప్పుడే మనకి వినిపిస్తుంది. ఎవరో ఉన్నట్టే ఉంటుంది."

"అతనికీ వినిపించింది."

"చంపినచోట నిలబడ్డవాడికి ఏమైనా వినిపిస్తుంది."

హెల్కాకి ఆ మాట నచ్చింది. నమ్మాలనుకుంది. ఆ కొత్త ప్రోగ్రాం కూడా ఊర్హో బతికుండగానే రాసి ఎక్కడో దాచి ఉంటాడు, అది ఇప్పుడు బయటపడింది. తెలివైనవాడు కదా.

"దాని మీద ముద్ర ఊర్హోదేనా?" అని అడిగింది.

"అతనిదే," అంది రౌని. తన కాగితంలో ఒక వరస మీద వేలు పెట్టింది. "కానీ వేసిన తేదీ... నువ్వు ఆ గదిలో ఉన్న రోజు. ఆ ఫోన్ మళ్ళీ లేచే ముందు."

ముద్ర వెయ్యాలంటే ఎవరి బిళ్ళ వాళ్ళకుంటుంది. గోరంత లోహపు ముక్క, అది చేతిలో లేనిదే పని జరగదు. ఊర్హో బిళ్ళ ఎవరో దొంగిలించారనుకున్నారు. నడవగలిగాక హెల్కాయే అతని భార్య సైమి దగ్గరికి వెళ్ళింది. సైమి కాఫీ పోసి, యాలకుల రొట్టె ముందు పెట్టింది.

"పోలేదు," అంది. "ఆయన కోటు లోపలి జేబులో పెట్టాను. గుండీ కూడా పెట్టాను. ఆ కోటుతోనే పూడ్చాం. పని లేకపోతే ఆయనకి తోచదు."

కోర్టుకి ఆ బిళ్ళ కావాల్సి వచ్చింది. వసంతంలో మంచు కరిగి నేల మెత్తబడ్డాక, సైమి ఒప్పుకోగా, సమాధి తవ్వారు. హెల్కా కర్ర ఊతంతో గట్టు మీద నిలబడింది.

మూత తీసి, రౌనియే కిందికి దిగింది. చాలాసేపు వంగి ఉంది.

"జేబు గుండీ పెట్టే ఉంది," అంది అక్కణ్ణించే. "లోపల ఏమీ లేదు."

బిళ్ళ అతని కుడిచేతి గుప్పిట్లో దొరికింది. వేళ్ళు విరిస్తే గాని రాలేదు.