కుదురైన అంకెలు

తెల్లవారి ఆరున్నరకి నది మీది మంచు వీధిలోకి పాకి వచ్చి, కిటికీ అద్దాల దగ్గర ఆగిపోయేది. ఆ వేళకి వంటింట్లో బల్ల ముందు పెద్దాయన కూర్చుని, పెన్సిల్ చెక్కుకుని, గళ్ళ పుస్తకంలో రెండు అంకెలు రాసేవాడు. పైన నూట ఇరవై నాలుగు, కింద ఎనభై. నలభై ఐదేళ్ళు దుకాణాల మీద బోర్డులు రాసిన చెయ్యి అది. రెండు అనే అంకె మెడ వంచి నీళ్ళలోకి చూసే కొంగలా ఉండేది. సున్నా కోడిగుడ్డంత నున్నగా ఉండేది.

కూతురు తల దువ్వుకుంటూ తన గదిలోంచి వచ్చేసరికి బీపీ మిషను పట్టీ మడిచి పక్కన పెట్టి ఉండేది. ఆమె పుస్తకం తిప్పి చూసి, "బాగుంది నాన్నా" అనేది. ఆయన తలూపి, రంగు మరకల చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. పొయ్యి దగ్గర తల్లి తల తిప్పకుండా టీ వడపోసేది.

కూతురికి ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి మాట ఎత్తితే "తీరిక లేదు" అని నవ్వేసి, అమ్మానాన్నలతోనే ఉండిపోయింది. ఆరోగ్య కేంద్రంలో ఆమె పని బీపీ ఉన్నవాళ్ళకి పాఠాలు చెప్పడం. ఇంట్లో బీపీ ఎలా చూసుకోవాలి, ఉప్పు ఎలా తగ్గించుకోవాలి, ఎంత నడవాలి, మందు ఎందుకు మానకూడదు, ఇవన్నీ వారానికి మూడు మధ్యాహ్నాలు చెప్పేది. వీధిలో అందరూ ఆమెను బీపీ టీచరమ్మ అనేవారు. తండ్రి కూడా అప్పుడప్పుడు అలాగే పిలిచి ఏడిపించేవాడు. రెండు నెలల క్రితం ఆయనకే బీపీ ఎక్కువుందని తేలినప్పటి నుంచి మాత్రం ఆ పేరు ఆయన నోట రాలేదు.

డాక్టరు తొందరపడలేదు. కొందరికి ఆసుపత్రి గుమ్మం తొక్కగానే బీపీ పెరుగుతుందని, రోజూ ఇంట్లో చూసి రాసుకురమ్మని, ఆ లెక్క చూశాకే మందు సంగతి ఆలోచిద్దామని చెప్పాడు. మొదటి నెల పుస్తకం చూసి, మొదటి వారం తర్వాత అంకెలు దిగి కుదురుకున్నాయని సంతోషించాడు. మందు అక్కర్లేదు, ఇలాగే జాగ్రత్తగా ఉండండి అన్నాడు. ఆ సాయంత్రం తండ్రి ఇంటికి నడిచి వస్తూ ఈల వేశాడు.

ఆయనకి ఆ రోజుల్లో ఈల వేయడానికి కారణం ఇంకొకటుంది. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెతో రాయించుకునేవాళ్ళు కరువైపోయి, నాలుగేళ్ళుగా ఆయన చేతికి చెప్పుకోదగ్గ పని లేదు. ఇప్పుడు నది ఒడ్డున పాత గిడ్డంగిని గ్రంథాలయంగా మారుస్తూ, దాని గోడ మీద పేరు చేత్తోనే రాయాలని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. అక్షరం మనిషంత ఎత్తు. నిచ్చెన మూడంతస్తులు. పొద్దున్నే మంచులో గోడ కనిపించదు. ఎండ ఎక్కేకొద్దీ, ముందురోజు రాసిన నీలం అక్షరాలు ఒక్కొక్కటే తెరలోంచి బయటికి వస్తాయి. వాటిని కింద నిలబడి చూడటానికే ఆయన అరగంట ముందు వెళ్ళేవాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం టీచరమ్మ తరగతికి తండ్రి పుస్తకం పట్టుకెళ్ళింది. రోజూ రాయడమంటే ఇలా అని, అందరికీ తిప్పి చూపించింది. ఆయన తన తండ్రి అని చెప్పలేదు. పుస్తకం చేతులు మారుతూ వెనక బెంచీలో బస్సు డ్రైవరు దగ్గరకి చేరింది. ముప్పై ఏళ్ళు బస్సు తోలి, కిందటేడే పని మానేసిన మనిషి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీలు చాలాసేపు తిప్పాడు.

"చేతిరాత ముత్యాల్లా ఉంది టీచరమ్మా. కానీ మొదటి వారం దాటాక ఈయన బండి ఒక్కచోట కూడా గతుకెక్కలేదేంటి? నాది చూడండి, ఒకరోజు నూట ముప్పై, ఒకరోజు నూట యాభై. మా ఆవిడతో మాటామాటా వచ్చిన రోజు ఇంకా పైన. ఈయనకి ఇంట్లో ఎవరూ లేరా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, పాఠం ముగించింది. కానీ ఇంటికి వెళ్ళే బస్సులో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చూసింది. నూట ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఆరు. మళ్ళీ ఇరవై నాలుగు. గాలి లేని చెరువులా ఉన్నాయి ఆ పేజీలు. బతికున్న మనిషి రక్తం అంత కదలకుండా ఉండదని రోజూ పదిమందికి చెప్పేది తనే. బస్సు వంతెన మీదుగా వెళ్తుంటే దూరాన గిడ్డంగి గోడ, దాని మీద నిచ్చెన, నిచ్చెన చివర చీమంత మనిషి కనిపించాడు. ఆమె చూపు తిప్పుకోలేకపోయింది.

ఇంటికి రాగానే మిషను తీసి, పాత కొలతలు చూపించే మీట నొక్కింది. ఆ మీట గురించి ప్రతి తరగతిలో చెప్పేది గానీ, సొంత ఇంట్లో నొక్కి చూడాలని తట్టలేదు. రెండు నెలల్లో ఆరే కొలతలున్నాయి. నాలుగు మొదటి వారానివి. చివరిది తొమ్మిది రోజుల కిందటిది. నూట డెబ్బై నాలుగు, కింద నూట రెండు.

తండ్రి వచ్చేసరికి సాయంత్రపు ఎండ బల్ల మీద పొడుగ్గా పడి ఉంది. ఆమె మిషనునీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి కూర్చుంది. ఆయన ఒకసారి చూసి, అర్థమై, చేతులు కడుక్కోకుండానే ఎదురుగా కూర్చున్నాడు.

ఆమె అరవలేదు. డాక్టరు పుస్తకంలో అంకెలు నమ్మి మందు వద్దన్నాడని, తను వీటిని నలుగురికీ పాఠంగా చూపించానని, మిషనులో ఉన్న అంకెలతో మూడంతస్తులు ఎక్కి నిలబడటం అంటే ఏమిటో ఆయనకి తెలుసా అని వరసగా అడిగింది. అడిగేకొద్దీ గొంతు తరగతిలో మాట్లాడే గొంతులా గట్టిపడింది. తల్లి పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నీకు తెలుసా అమ్మా?" అంది కూతురు.

"తెలుసు. మిషను తియ్యకుండానే రాయడం చూశాను." తల్లి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "మొదటి వారం గుర్తుందా? పొద్దున లేస్తే ఉప్పు గురించి, రాత్రి పడుకునే ముందు నడక గురించి. ఈయన ఇంట్లో అడుగు తీసి అడుగు వేస్తే నీ పాఠం. ఈయన అంకెలు రాయడం మొదలెట్టాక ఇల్లు ప్రశాంతంగా ఉంది. తప్పని తెలుసు. కానీ ఆ ప్రశాంతత కావాలనిపించింది."

తండ్రి గోళ్ళ మధ్య ఎండిన నీలం రంగును గీకుతూ నెమ్మదిగా మొదలుపెట్టాడు. మొదటి వారం నిజమే రాశానన్నాడు. రాసిన ప్రతిసారీ ఆమె మొహం మాడిపోయేదని, నాలుగో రోజు నిచ్చెన పని ఎవరికైనా ఇచ్చేయమందని గుర్తుచేశాడు. ఇంకెవరికి ఇవ్వాలి, ఆ పని వచ్చినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు అన్నాడు.

"నువ్వు నా చేతికి పట్టీ చుట్టేటప్పుడు నా మొహం చూడవు తల్లీ. ఆ మిషను మొహమే చూస్తావు. దానికి నచ్చే అంకె రాస్తే నన్ను చూస్తావేమో అనుకున్నాను."

"మరి తొమ్మిది రోజుల కిందట ఎందుకు చూసుకున్నావు నాన్నా?"

ఆయన గోళ్ళు గీకడం ఆపాడు. ఆ రోజు మధ్యాహ్నం నిచ్చెన మీద ఉండగా, రాస్తున్న అక్షరం గోడ మీంచి విడివడి గాల్లోకి తేలినట్టు కనిపించిందని చెప్పాడు. నీలం అక్షరం, వెనక తెల్లటి ఆకాశం. భయం కూడా వెయ్యలేదట, అంత అందంగా ఉందట. దాని వెనకే వెళ్ళాలనిపించిందట. అప్పుడే చేతిలో కుంచె జారి కింద పడిన చప్పుడు వినిపించి, నిచ్చెనని రెండు చేతులా కావలించుకుని, కళ్ళు మూసుకుని ఉండిపోయాడట. ఎంతసేపో తెలియదన్నాడు.

కూతురు లేచి వెళ్ళి ఆయన వెనక నిలబడి, రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసింది. ఆ భుజాలు ఇంత చిక్కాయని ఆమెకి తెలియదు. ఆమె కన్నీళ్ళు రంగు చొక్కా మీద పడ్డాయి. కోపం అనుకున్నదంతా భయమేనని, ఆ భయాన్నే రోజూ పాఠంగా మార్చి ఈ ఇంటి మీద పోశానని ఆమెకి అప్పుడు తెలిసింది.

"రేపు డాక్టరుకి నిజం చెబుదాం నాన్నా. నేనూ చెప్తాను, నా తప్పు."

ఆయన ఆమె చేతిని తట్టాడు. తర్వాత, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"అవునూ, నీదెంత?"

ఆమె తడబడింది. వందల చేతులకి పట్టీ చుట్టింది గానీ తన చేతికి ఎప్పుడు చుట్టుకుందో గుర్తులేదు. తండ్రి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చెప్పిన పాఠమే తిరిగి చెప్పాడు. వీపు ఆనించు, పాదాలు నేల మీద పెట్టు, చెయ్యి గుండె ఎత్తుకి రావాలి, అయిదు నిమిషాలు మాట్లాడకు. ఆయన కట్టిన పట్టీ మొదట వంకరగా వచ్చింది. తల్లి సరిచేసింది. అయిదు నిమిషాలు ముగ్గురూ ఊరుకున్నారు. బల్ల మీది ఎండ మెల్లగా గోడెక్కింది. మిషను గుర్రుమని ఆగాక అంకెలు కనిపించాయి. నూట యాభై రెండు, కింద తొంభై ఎనిమిది. నిమిషం ఆగి మళ్ళీ చూస్తే కాస్తే తగ్గింది.

తండ్రి ఆ మిషను వైపు చూడటం లేదు. ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

మర్నాడు ఇద్దరూ డాక్టరు ముందు కూర్చున్నారు. ఆయన పుస్తకం మూసి, తండ్రికి రోజుకో మాత్ర రాసి, బీపీ దారికొచ్చేదాకా నిచ్చెన ఎక్కొద్దన్నాడు. కూతుర్ని వారం రోజులు ఇంట్లో చూసుకుని రమ్మన్నాడు. గ్రంథాలయంవాళ్ళకి విషయం చెబితే, పై వరస నెల తర్వాత రాద్దామని, అప్పటికి నిచ్చెన బదులు కటకటాల పరంజా కట్టిస్తామని ఒప్పుకున్నారు. ఆ నెలంతా తండ్రి కింది వరస రాశాడు. సాయంత్రాలు తండ్రీ కూతుళ్ళు నది ఒడ్డున నడిచేవారు. నడకలో బీపీ మాట ఎత్తకూడదని తల్లి షరతు పెట్టింది. ఉప్పు కూడా ఆవిడే, ఎవరికీ చెప్పకుండా, చిటికెడు చిటికెడుగా తగ్గించుకుంటూ వచ్చింది.

పొద్దున పూట ఆ అయిదు నిమిషాలు మాత్రం వాళ్ళకి అలవాటైపోయాయి. బల్ల ముందు పక్కపక్కన ఇద్దరూ మాట్లాడకుండా కూర్చునేవారు. తండ్రి అంకెలు ఎగుడుదిగుడుగా దిగుతూ వచ్చాయి. నూట అరవై, నూట నలభై ఎనిమిది, ఒకరోజు మళ్ళీ నూట యాభై అయిదు. కూతురు ఆ రోజు పాఠం చెప్పకుండా, రాత్రి సరిగ్గా నిద్రపట్టిందా నాన్నా అని మాత్రం అడిగింది.

ఒక ఆదివారం పొద్దున మంచు చాలా దట్టంగా ఉంది. కిటికీ బయట వీధి లేదు, నది లేదు, ఇల్లొక్కటే తెల్లటి నీళ్ళ మీద తేలుతున్నట్టుంది. కూతురు పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుంది. అయిదు నిమిషాలయ్యేసరికి ఆమె తల పక్కకి ఒరిగి తండ్రి చేతి మీద వాలింది. ఊపిరి బరువెక్కింది. ఏళ్ళ తరబడి ఆరు గంటలకే లేచి పరిగెత్తిన మనిషి, చిన్నపిల్లలా నోరు కాస్త తెరుచుకుని నిద్రపోయింది.

తల్లి టీ పట్టుకొచ్చి, గుమ్మం దగ్గర ఆగి, లేపనా అని సైగ చేసింది. తండ్రి మిషను మీటని నొక్కలేదు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా కదపలేదు. కూతురి మొహం వైపే చూస్తూ, మంచుకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు.

"ఉండనివ్వు. ఇప్పుడే కదా ఇంటికొచ్చింది."