ఫిల్టర్ లేని సెట్టు

"నీ ఉస్తాద్ ద్రోహి అని తేలితే కాల్చగలవా?"

చీఫ్ నరసింహారావు ఆ మాట అడిగింది తెనాలి స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జి గదిలో, ఇడ్లీ తుంచుకుంటూ. ఏజెంట్ ట్రిపుల్ టూ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. అతని అసలు పేరు వాసిం. 2006 మార్చి, గురువారం, ఉదయం ఏడున్నర.

"ముందు తేలాలి కదండీ," అన్నాడు.

"నాగుల్ మీరా కనిపించక తొమ్మిది రోజులైంది. బోసు రోడ్డులో ఆయన రేడియో షాపు తాళం వేసుంది, లోపల పనిముట్లు లేవు. వారం నుంచి రోజూ సాయంత్రం ఏడింటికి పద్నాలుగు మెగాహెర్ట్జ్ మీద ఎవడో రెండేసి నిమిషాలు కోడ్‌లో మాట్లాడుతున్నాడు. కంపెనీ రేడియో సెట్టు కాదది, చేత్తో కట్టింది. ఈ చుట్టుపక్కల అలాంటి సెట్టు కట్టగలిగినవాడు ఎవడయ్యా?"

జవాబు తెనాలిలో ఎవరిని అడిగినా చెబుతారు. సునామీ నాడు ఫోన్లన్నీ చచ్చిపడుంటే, తను కట్టుకున్న సెట్టు భుజానేసుకుని తీరానికి పోయి మూడు రోజులు నిద్రాహారాలు లేకుండా సందేశాలు మోసిన మనిషి నాగుల్ మీరా. పాలిటెక్నిక్ రోజుల్లో వాసింకి సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. పని బాగా రాకపోతే తిట్టేవాడు, బాగా వస్తే ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడం కోసం వాసిం రెండేళ్లు ఆ షాపు చుట్టూ తిరిగాడు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా. నాయకుడు రొయ్యల ఎక్స్‌పోర్టర్ వేషంలో ఉన్నాడు, జనం 'రొయ్యల దొర' అంటారు. మన సర్వే నౌక ఒకటి రేడియో సైలెన్స్‌లో సముద్రం మీదుంది, వెనక్కి పిలిచే దారి లేదు. అందులో పంతొమ్మిది మంది. ఈ రాత్రి అది ఎక్కడ లంగరేస్తుందో దొరకి తెలిసిపోయింది. ఇవాళ సాయంత్రం ఏడింటికి ఆ చోటు తన ట్రాలర్‌కి చెబుతాడు, అది పోయి నౌకని ముంచేస్తుంది. ట్రాలర్ వినేది పది నిమిషాలే, ఏడు నుంచి ఏడూ పది వరకు.

"ఇంకోటి," అన్నాడు చీఫ్ చెయ్యి కడుక్కుంటూ. "సిగ్నల్ పరమ చెత్తగా ఉంది. హార్మోనిక్స్ యాభై ఆరు మెగాహెర్ట్జ్ దాకా కారుతున్నాయి. నీ ఉస్తాద్‌కి పనితనం తగ్గినట్టుంది."

వాసింకి ఒళ్లు మండింది. సెట్టు పంపే సిగ్నల్‌తో పాటు దాని ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కూడా దొంగచాటుగా బయటికి పోతాయి. వాటిని ఆపేదే ఫిల్టర్. మూడు కాయిల్స్, నాలుగు కెపాసిటర్లు, అరగంట పని. అది పెట్టని శిష్యుణ్ణి నాగుల్ మీరా షాపులోంచి బయటికి నెట్టేవాడు.

"ముఠా లోపల మన మనిషి ఉంది. హుమేరా. బాపట్ల స్టేషన్‌లో కలుస్తుంది. మీరా వాళ్ల మనిషైతే మాత్రం వెనకాడకు."

వాసిం స్టేషన్‌కి వెళ్లేముందు ఉస్తాద్ ఇంటికెళ్లాడు. ఆయన భార్య హుస్సేన్ బీ గుమ్మంలోనే కూర్చుని ఉంది. తొమ్మిది రోజుల్లో ఆవిడ సగమైపోయింది.

"పోలీసులొచ్చి ఏంటేంటో అడిగారు బేటా. ఆయన దేశాన్ని అమ్ముకున్నాడంట. నువ్వూ అదే అంటావా?"

"అననండి ఖాలా. ఎవరినీ అననివ్వను."

"ఎలా ఉన్నా సరే, తీసుకురా. మంచిపేరుతో తీసుకురా."

వాసిం ఆవిడ పాదాలు ముట్టుకుని లేచాడు. నేరుగా పోయి బాపట్ల రైలెక్కాడు.

బాపట్లలో దిగేసరికి పదకొండు. ప్లాట్‌ఫాం చివర వంకాయరంగు చీర, నల్లకళ్లద్దాలు. ఆవిడ నిలబడ్డ తీరుకి టీ కొట్టు దగ్గర జనం టీ తాగడం మర్చిపోయారు.

"చీరాల చీరలు దొరుకుతాయాండీ?" అన్నాడు వాసిం.

"పేరాల నేతయితే ఇప్పిస్తాను," అంది హుమేరా. కోడ్ కుదిరింది.

ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. సూర్యలంక దారిలో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ. దాని వెనక షెడ్డు. సెట్టు అక్కడే, ఉస్తాద్ అక్కడే. "బలవంతమేం లేదు వాసిం గారూ. తన ఇష్టంతోనే చేస్తున్నాడు. నిన్ననే కొత్త ఏరియల్ కట్టాడు, నా కళ్లారా చూశాను. మీకు బాధగా ఉంటుందని తెలుసు." కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకుంది కూడా. వాసిం తన సెల్ నంబరిచ్చి ఆటో ఎక్కాడు.

షెడ్డు చుట్టూ సరుగుడు తోట. చడీచప్పుడూ లేదు. షెడ్డు మీంచి తాటిచెట్టుకి రాగితీగ కట్టుంది. వాసిం తలుపు మీదికి పోబోయి, అలవాటు కొద్దీ ఆ తీగ కింద నడుస్తూ బారలు లెక్కపెట్టాడు. తొమ్మిది బారలు! పద్నాలుగు మెగాహెర్ట్జ్‌కి ఐదున్నర బారలు చాలు. మధ్యలో అతుకు చూశాడు. సోల్డర్ లేదు. తీగకి తీగ మెలేసి వదిలేశారు. ఉస్తాద్ చేతి నుంచి ఇలాంటి అతుకు చచ్చినా రాదు.

తీగ వేలాడితే చాలు ఏరియల్ అనుకుంది హుమేరా. అంటే ఆవిడ చెప్పినదంతా అబద్ధమే!

వాసిం తలుపు గొళ్లేనికి పొడుగాటి తాడు కట్టి, ఫ్యాక్టరీ గోడ వెనక పడుకుని లాగాడు. షెడ్డు మొత్తం గాల్లోకి లేచింది. రేకుముక్కలు నెత్తి మీద కురిశాయి. దుమ్ము సర్దుకునేలోగా అతను సెల్ ఆఫ్ చేసి తోటలోకి దూరిపోయాడు. ఏజెంట్ ట్రిపుల్ టూ చచ్చిపోయాడు. హుమేరా అలాగే అనుకోవాలి, ఇప్పుడే చీఫ్‌కి చెప్పినా ఆవిడ చెవిన పడొచ్చు.

ఇసకలో కూలబడి ఆలోచించాడు. సమయం ఒంటిగంట. సెట్టు ఎక్కడుంది? ఉస్తాద్ ఎక్కడున్నాడు? చీఫ్ వెక్కిరింత చెవిలో తిరుగుతూనే ఉంది. పనితనం తగ్గింది. ఫిల్టర్ లేదు. అతుకు సోల్డర్ చేయని షెడ్డుని నమ్మని తను, ఉస్తాద్ ఫిల్టర్ మర్చిపోయాడంటే ఎలా నమ్మాడు?

యాభై ఆరు అంటే పద్నాలుగుకి నాలుగింతలు. కేబుల్ టీవీలో రెండో మూడో ఛానెల్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ఫిల్టర్ లేని సెట్టు మాట్లాడితే చుట్టుపక్కల ఇళ్ల టీవీల మీద అడ్డగీతలు పడతాయి.

"యా అల్లా," అన్నాడు పైకే. ముసలాయన తుపాకీ ముందు కూర్చుని వారం నుంచి కేక పెడుతున్నాడు. ఒక్కడికీ వినపడలేదు. తనకి కూడా!

ఎస్టీడీ బూత్‌లో దూరాడు. కేబుల్ కంట్రోల్ రూమ్ ఇంజనీరునంటూ మూడూళ్ల ఆపరేటర్లకీ ఫోన్ చేశాడు. సాయంత్రం ఏడింటికి గీతలొస్తున్నాయని కంప్లయింట్లున్నాయా? తెనాలిలో లేవు. బాపట్లలో లేవు. రేపల్లె ఆపరేటర్ వీరాస్వామి మాత్రం లైన్లోనే విరుచుకుపడ్డాడు.

"ఎన్ని కంప్లయింట్లని చెప్పమంటారండి! ఎనిమిదిళ్లు. అన్నీ ఒకటే వీధి. వైర్లన్నీ మార్చాను, బూస్టర్ మార్చాను. ఏడింటికి సీరియల్ మొదలవగానే గీతలు, రెండు నిమిషాలకి పోతాయి. సుబ్బరత్నమ్మగారైతే నా పీక పిసికేట్టున్నారు!"

వాసిం చెరుకుపల్లి మీదుగా బస్సు పట్టుకున్నాడు. దారిలో ఓ లారీ బోల్తాపడి గంటన్నర మింగేసింది. రేపల్లెలో దిగేసరికి ఆరు దాటింది. అరగంటలో అతను వీరాస్వామి లైన్‌మేన్ అయ్యాడు. భుజాన కేబుల్ చుట్ట, చేతిలో నిచ్చెన, నడుము దగ్గర చొక్కా కింద పిస్టల్. చీఫ్‌కి ఫోన్ చేశాడు. పేలుడు కబురు విని ఫోర్సంతా బాపట్ల పోయిందట. "ముప్పావుగంట పడుతుందయ్యా. ఎలాగోలా ఆపు."

సుబ్బరత్నమ్మ ఇల్లు వీధి మధ్యలో ఉంది. ఆవిడ లైన్‌మేన్‌ని డాబా మెట్ల దగ్గరే నిలేసింది.

"ఇవాళన్నా బాగుచేస్తావా నాయనా, లేకపోతే కనెక్షన్ పీకించెయ్యనా?"

"చేస్తానండి. పక్కింట్లో ఎవరుంటారు పిన్నిగారూ?"

"రొయ్యలు కొనే దొరంట. ఇంట్లో రొయ్య వాసనే రాదు! డాబా మీద బట్టలారేసుకునే తీగ కట్టారు. ఎనిమిది రోజులైంది, ఒక్కరోజు ఓ తువ్వాలు ఆరేసిన పాపాన పోలేదు."

వాసిం డాబా ఎక్కాడు, వెనకే ఆవిడా వచ్చింది. ఆ తీగ రెండు డాబాల మధ్య పిట్టగోడకి దగ్గర్లో ఉంది. ఐదున్నర బారలు. మధ్య అతుకు నున్నగా, వెండిలా మెరుస్తోంది. అది చూడగానే వాసిం కళ్లు చెమర్చాయి. అక్కణ్ణుంచి టీవీ కేబుల్ లాంటి నల్లటి కోయాక్స్ వైరు గోడ వారగా పాకి, కింది గది కిటికీలోకి దూరింది.

సమయం ఆరూ యాభై ఐదు. పిట్టగోడ మీంచి ఒంగితే కిటికీ ఊచల్లోంచి గది కనిపిస్తోంది. బల్ల మీద అల్యూమినియం రేకుతో కట్టిన సెట్టు. దాని ముందు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని దొర. పక్కన స్టూలు మీద నాగుల్ మీరా. మాసిన గడ్డం, కాలికి గొలుసు. ఆయన తలకి పిస్టల్ గురిపెట్టి వంకాయరంగు చీర. వీధి గుమ్మంలో ఇద్దరు కాపలా.

కాల్చాలంటే దొరకీ వాసింకీ మధ్య ఉస్తాద్ ఉన్నాడు. లోపలికి దూకితే తుపాకీ మోతల్లోనే దొర నౌక చోటు చెప్పే నాలుగు అంకెలూ చదివేస్తాడు. మిగిలింది ఈ వైరొక్కటే. కోసి పారేస్తే దొర హెడ్‌ఫోన్‌లో రొద ఆగిపోయి, అప్పుడే తెలిసిపోతుంది, మనిషి పైకొచ్చి అతికేస్తాడు. కానీ గుండుసూదిలాంటిది అడ్డంగా గుచ్చితే లోపలి తీగా పై అల్లికా కలిసిపోతాయి. మీట నొక్కగానే పవరంతా వెనక్కి తన్ని, సిగ్నల్‌ని బయటికి తోసే ఫైనల్ ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. కంపెనీ సెట్టయితే తనని తాను కాపాడుకుంటుంది, ఇంట్లో కట్టిన సెట్టు కాపాడుకోలేదు.

సెట్టు కాలితే మొదటి అనుమానం ఎవరి మీద? దాన్ని కట్టిన వాడి మీదే. ఆ సంగతి వాసింకి బాగా తెలుసు. తెలిసే ఆగాడు. హుస్సేన్ బీ మొహం కళ్లముందు నిలబడింది. సముద్రం మీదున్న పంతొమ్మిది మంది మొహాలు తనెప్పుడూ చూడలేదు. చూసుంటే బాగుండేదనిపించింది.

"పిన్నిగారూ, ఓ పిన్నీసు ఇస్తారా?"

సుబ్బరత్నమ్మ గాజులకి తగిలించుకున్న పిన్నీసొకటి తీసిచ్చింది. "దీంతో టీవీ బాగవుతుందా?"

"అవుతుందండి. మీరు కిందికెళ్లి తలుపులేసుకోండి." ఆవిడ మెట్లు దిగేదాకా ఆగాడు.

ఏడు గంటలు. కింద దొర మైకు అందుకున్నాడు. హెడ్‌ఫోన్ తీసేశాడు. వాసిం పిన్నీసు వైరులో గుచ్చాడు.

మీట నొక్కిన చప్పుడు, ఆ వెంటనే టప్‌మని చిన్న మోత. కిటికీలోంచి కాలిన వాసన.

దొర ఇంగ్లీషులో బూతులు లంకించుకున్నాడు. హుమేరా పిస్టల్ ఉస్తాద్ కణతకి ఆనించింది. "ఏం చేశావు ముసలోడా?"

"నేనేం చేశానమ్మా? నీ కళ్లముందేగా ఉన్నాను. ఫైనల్ పోయింది. స్పేర్ ఉంది, మూడు నిమిషాల్లో వేస్తాను."

వాసిం పిస్టల్ బయటికి లాగాడు. ఉస్తాద్ నింపాదిగా ఒక్కో స్క్రూ తీసి, మూత విప్పి, సెట్టులో వేలు పెట్టి తడిమాడు. మీటరు ముల్లు చూశాడు. అంతే, ఆయనకి అర్థమైపోయింది. వైరు అవతలి కొసన పని తెలిసినవాడెవడో ఉన్నాడు! ఆయన తలెత్తి కిటికీ వంక చూడలేదు. చిన్నగా నవ్వుకున్నాడు. డబ్బాలోంచి ఉన్న ఒక్క స్పేర్ ట్రాన్సిస్టర్ తీసి, పట్టకారు మధ్య పెట్టి, పటుక్కున నలిపేశాడు.

"సెవెంటీ త్రీ," అన్నాడు. హ్యామ్ రేడియో వాళ్లు సెలవు తీసుకునేటప్పుడు చెప్పుకునే మాట అది.

హుమేరా కాల్చింది.

అప్పటికే వాసిం గోడ దూకి పక్కింటి మెట్ల మీదున్నాడు. ఆ తర్వాతి రెండు మూడు నిమిషాలు అతనికి సరిగా గుర్తులేవు. కాపలావాళ్లు పడిపోయారు. మైకు పట్టుకుని చచ్చిన సెట్టులోకి అంకెలు అరుస్తున్న దొర భుజంలో గుండు దిగింది. హుమేరా రెండోసారి పిస్టల్ ఎత్తింది గానీ వాసిం ఆవిడ కంటే ముందున్నాడు. పిస్టల్ ఓ మూలకి, ఆవిడ ఓ మూలకి పడ్డారు. "నువ్వు చచ్చావుగా!" అంది, మోచెయ్యి పట్టుకుని.

గోడ మీద గడియారం ఏడూ పదకొండు చూపించింది. ట్రాలర్ వినడం మానేసి ఉంటుంది.

వాసిం ఉస్తాద్ తల ఒళ్లోకి తీసుకున్నాడు. రక్తం ఆగడం లేదు.

"ఆలస్యం చేశావురా," అన్నాడు నాగుల్ మీరా.

"క్షమించండి ఉస్తాద్. చెత్త సిగ్నలంటే... మీరు పిలుస్తున్నారని తట్టలేదు."

"వారం... సీరియల్ చూడనీకుండా చేశాను. పక్కిళ్ల వాళ్లకి... నేను సారీ చెప్పానని చెప్పు."

అంతటితో ఆయన మాట ఆగిపోయింది. చివరిదాకా ఆయన వాసిం పనిలో తప్పేమీ ఎత్తి చూపలేదు.

మర్నాడు పొద్దున ఉస్తాద్‌ని ఇంటికి చేర్చాడు. హుస్సేన్ బీ చాలాసేపు భర్త చేతివేళ్లనే చూసింది, సోల్డర్ కాలిన మచ్చల్ని ఒక్కొక్కటే తడిమింది. "మంచిపేరుతోనే తెచ్చావా?" అని అడిగింది. తెచ్చానన్నాడు వాసిం. అప్పుడు గానీ ఆవిడ ఏడవలేదు.

సాయంత్రం చీఫ్ ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. పంతొమ్మిది మందీ క్షేమం. పై నుంచి అభినందనలు కూడా వచ్చాయి. ఆయన కలం మాత్రం ఒకచోట ఆగిపోయింది.

"ఫారంలో రెండే గడులున్నాయయ్యా. మన మనిషి, శత్రువు మనిషి. మీరా పేరు ఎందులో రాయమంటావు?"

వాసిం ఫైలు తనవైపు తిప్పుకుని చూశాడు. మన మనిషి అన్న గడిలో, చీఫ్ సొంత దస్తూరీతో, హుమేరా పేరు ఇంకా అలాగే ఉంది.

"ముందు ఆ గడి ఖాళీ చేయించండి సార్," అన్నాడు.