ఐదింటికి ఓడ కదులుతుంది

ఆమె పరుగెత్తుతోంది!

కోట మెట్లు... అరిగి నున్నబడ్డ రాళ్ళు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. ఆమె నర్సు. భుజం కీలు తప్పిందని తెలుసు.

బురుజు మీంచి తోసింది కట్టుకున్న మొగుడే!

"అలా అంచున నిలబడు, ఫోటో తీస్తా" అన్నాడు. తీయలేదు. రెండు చేతులతో నెట్టేశాడు.

ఆమె అతని మెడ పట్టుకుంది. ఏదో తెగి చేతికొచ్చింది. పదడుగుల కింద గోడ అంచు మీద పడింది. ఇంకా కింద సముద్రం! ఫిరంగి కన్నంలోంచి లోపలికి పాకింది.

"ఆగవే!"

చూసేశాడు!

ఇరుకు సందు. బొమ్మల కొట్టు.

"కాపాడండి... నా మొగుడు చంపేస్తున్నాడు!"

కొట్టావిడ ఆమె మోకాళ్ళ మీది రక్తం చూసింది.

"మీ సంసారం గొడవలు మాకెందుకమ్మా? అసలే సీజన్!"

షట్టర్ దించేసింది.

వెనక బూట్ల చప్పుడు...

జెట్టీ! పొద్దున తాము దిగిన తెల్లటి చిన్న ఓడ. ఐదుకి రెండు నిమిషాలు.

నిచ్చెన దగ్గర గార్డు అడ్డొచ్చాడు.

"పంతొమ్మిదో నంబరా? మీరెప్పుడో ఎక్కేశారుగా మేడమ్!"

పక్కన బోర్డు కొక్కేనికి ఆమె నంబరు ట్యాగ్! దిగేటప్పుడు తీసుకెళ్ళాలి, ఎక్కగానే తగిలించాలి. ట్యాగ్ లేకపోతేనే మనిషి కోసం వెతుకుతారు.

"ఎవరు పెట్టారు?"

"మీ చెల్లెలుగారు. అక్క పడుకుంది, లేపొద్దన్నారు."

'పారేసుకుంటావక్కా, ఇలా ఇవ్వు' అని పొద్దున ట్యాగ్ తీసుకున్న చెల్లెలు...

తన కోసం ఎవరూ వెతికేవారే కాదు!

"ఇరవయ్యో నంబరు రావాలి. మీవారే."

ఆమె గుప్పెట విప్పింది. తాడు తెగిన ట్యాగ్. ఇరవై!

కొక్కేనికి తగిలించింది.

"మధ్యాహ్నమే ఎక్కారు. ఇది పెట్టడం మర్చిపోయారు."

గార్డు విజిల్ వేశాడు. నిచ్చెన లేచింది.

జెట్టీ చివర అతను... "ఆపండి! ఆపండ్రా!"

ఓడ హారన్‌లో ఆ అరుపు మునిగిపోయింది.

ఆమె మెట్లు దిగింది. చెల్లెలి కేబిన్ తలుపు తోసింది.

ఎవరూ లేరు. బాత్రూంలో షవర్ చప్పుడు.

"ఏమండీ..."

లోపల్నుంచి చెల్లెలి గొంతు. గారాలు పోతూ.

"అక్క పని అయిపోయిందా?"

ఏమండీ! నిన్నటిదాకా బావగారూ అని పిలిచిన నోరు!

ఆమె కేబిన్ గడియ వేసింది.

"ఇంకా కాలేదే, చెల్లీ."

షవర్ ఆగిపోయింది.