ఆకుపచ్చ గుడ్డపీలిక

మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం ఆగడం లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కొడుకు పోయినప్పటినుంచీ, కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయమట.

"మా తమ్ముడు నా కొడుకుని చంపాడో లేదో చెప్పండి బాబూ. ఇంకేం అక్కర్లేదు," అంది.

డిటెక్టివ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కొంప మునిగినా తొణకడని అందరూ ఆయన్ని నిదానం గారంటారు. ఆయన దగ్గర అసిస్టెంటుగా చేసే మేనకోడలు మాత్రం, మా మావయ్య తెలివంతా ఆ నిదానంలోనే ఉందని గొప్పగా చెప్పుకుంటుంది.

"నిదానంగా చెప్పమ్మా. తోడు ఎవరొచ్చారు?"

"మా ఆయన. టాక్సీ నడుపుతారు. కింద ఉన్నారు. పైకి రానన్నారు."

మేనకోడలు కిటికీలోంచి చూసింది. టాక్సీ పక్కన ఒకాయన ఆకుపచ్చ గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. అద్దం తళతళలాడుతూనే ఉంది. ఆయన తుడిచిందే తుడుస్తున్నాడు.

ఆవిడ సంగతి చెప్పింది. తాతల నాటి మోటారు సైకిలు ఒకటి ఇంట్లో పడి ఉండేది. మెకానిక్ అయిన తమ్ముడూ, ఆవిడ కొడుకూ కూర్చుని దానికి ప్రాణం పోశారు. వైరింగంతా తమ్ముడే కొత్తగా వేశాడు. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో మాత్రం కొత్త తీగ చుట్టించడానికి పక్క ఊరు పంపారు. అదొచ్చేదాకా లైటు బ్యాటరీ మీదే వెలగాలి. ఆ డైనమో తెచ్చుకోవడానికే కొడుకు సాయంత్రం బయలుదేరాడు. తిరిగొస్తుంటే చీకటి పడింది. లైటు వెలగలేదు. మలుపులో ఆగి ఉన్న లారీ కనబడలేదు.

"సంచీలో డైనమో చెక్కుచెదరలేదు బాబూ. పిల్లాడే..." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తమ్ముడి వైరింగు వల్లే అని పోలీసులు కూడా అంటున్నారు. రేపోమాపో తీసుకుపోతారట. శవం ఇంట్లో ఉండగానే నా గడప తొక్కొద్దన్నాను వాణ్ణి. వాడి తప్పయితే సరే. కాకపోతే, నేనెంత మాటన్నానండీ?"

తమ్ముడి షెడ్డులో బండి గోడకి ఆనించి ఉంది. హ్యాండిల్ వంగింది, హెడ్‌లైటు అద్దం పగిలింది. మెకానిక్ గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది.

"పోలీసులు ఇచ్చేశాక నేను చెయ్యి వెయ్యలేదు సార్. వెయ్యబుద్ధి కాలేదు."

నిదానం గారు ముందు బల్బు చూశాడు. లోపల తీగ తెగలేదు. స్విచ్ వేసే ఉంది. అక్కణ్ణించి వైరు వెంట వేలు జరుపుకుంటూ ట్యాంకు కిందుగా సీటు కింది బ్యాటరీ దాకా వెళ్ళాడు. అక్కడ వేలు ఆగింది. బ్యాటరీ నుంచి బండి ఫ్రేముకి బిగించే ఎర్త్ వైరు ఊడి ఉంది. బోల్టు మరలు శుభ్రంగా ఉన్నాయి గానీ నట్టు లేదు. వైరు చివర ఆకుపచ్చ గుడ్డపీలిక చుట్టి, ముడివేసి ఉంది.

"ఇది నువ్వు కట్టావా?"

"గుడ్డ ఎవరు కడతారండీ, మేం టేపు వేస్తాం. నేను బిగించాను సార్. మేనల్లుడు పక్కనే టార్చి పట్టుకున్నాడు. ఆ మాట చెబుదామంటే వాడు లేడు."

మేనకోడలు గొంతు తగ్గించింది. "దానంతటది ఊడితే ముడి ఎలా పడుతుంది మావయ్యా? ఎవరో ముందే విప్పారు. కానీ బ్యాటరీ వైరు పీకేస్తే నా స్కూటరు కిక్కురుమనదు. మరి ఇది పక్క ఊరిదాకా ఎలా వెళ్ళింది?"

"ఆ ప్రశ్న మరిచిపోకు," అని ఆయన మెకానిక్ వైపు తిరిగాడు. "బ్యాటరీ తీసి ఛార్జింగ్ పెట్టు. రేపు మీ అక్కనీ బావనీ ఇక్కడికే రమ్మంటాను."

మర్నాడు ఆవిడ షెడ్డులోకొచ్చి తమ్ముడికి దూరంగా నిలబడింది. బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"డ్రైవరు గారూ, మీ కారు ఎవరూ తీయకుండా ఉండాలంటే ఏం చేస్తారు?" అన్నాడు నిదానం గారు.

"ఏముందండీ, బ్యాటరీ వైరు ఒకటి విప్పేస్తాం."

"విప్పిన వైరు చివర?"

"దేనికీ తగలకుండా గుడ్డ..." భార్య ఆయన వైపు తిరిగింది.

"అవును, విప్పాను," అన్నాడు చివరికి. "అయితే మాత్రం? బండి వెళ్ళింది కదా. వైరు లేకుండా ఎలా వెళుతుంది? పిల్లాడే చూసుకుని తగిలించుకుని ఉంటాడు. మళ్ళీ ఊడిందంటే అది వీడి పనే. రోజూ అదే అనుకుంటున్నానండీ. అలా అనుకుంటేనే నిద్ర పడుతోంది."

"తగిలించుకున్నవాడు ముడి విప్పడా?"

నిదానం గారు మెకానిక్ వైపు చూసి తలూపాడు. బ్యాటరీ ఇంకా బల్ల మీదే ఉంది. మెకానిక్ కిక్కు కొట్టాడు. ఒకటి రెండుసార్లు దగ్గి, బండి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి.

"దీనికి మాగ్నెటో ఉంది," అన్నాడు నిదానం గారు, చప్పుడుని మించి వినబడేలా. "ఇంజను తన నిప్పు తనే పుట్టించుకుంటుంది. బ్యాటరీ ఉన్నది లైటుకీ హారనుకీ. అబ్బాయి వెలుతురుండగా వెళ్ళాడు, అందుకే తెలియలేదు. చీకటి పడ్డాక స్విచ్ వేశాడు."

"ఆపరా," అన్నాడు బావ. "ఆపరా నాయనా."

బండి ఆగింది. ఆయన గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. "కదలకపోతే విసుక్కుని ఇంట్లోనే పడి ఉంటాడనుకున్నాను. అంతేనండీ."

ఆవిడ అప్పటికి కూర్చుంది, నేల మీదే, భర్త పక్కన. "ఆ పాత బండి మీద అంత దూరం వద్దు, ఎలాగోలా ఆపండి, ఎలాగోలా ఆపండి అని ఆ రోజు పొద్దుటినుంచీ ఈయన ప్రాణం తోడేసింది నేను."

"పోలీసులకి నేను చెబుతాను," అన్నాడు నిదానం గారు.

"వద్దు. నేనే చెబుతాను." బావ తన జేబులోంచి నట్టు తీశాడు. రోజూ చొక్కా మార్చినప్పుడల్లా దాన్నీ ఆ జేబులోకి మార్చుకుంటూ వచ్చాడు.

"తమ్ముడూ," అంది ఆవిడ. "నా గడప..."

"బావకి మంచినీళ్ళు పట్టించక్కా. కుండ ఆ మూలనుంది."

మెకానిక్ బ్యాటరీని దాని చోట పెట్టాడు. గుడ్డముడి విప్పి, బావ అరచేతిలోంచి నట్టు తీసుకుని, వైరు బిగించాడు. పగిలిన అద్దం వెనక లైటు వెలిగింది. ఆవిడ ఉలిక్కిపడి చూసింది. స్విచ్ ఎవరూ ముట్టుకోలేదు. ఆ సాయంత్రం పిల్లాడు వేసింది వేసినట్టే ఉంది.