ఒండ్రాసురుడిలో పెద్ద వాటా

తూర్పు సముద్రపు ఒడ్డున పక్కపక్కనే మూడు చిన్న రేవులు ఉండేవి. సంకుపాలెం, పీతలరేవు, తాటిమొగ. ఒక రేవులో కోడి కూస్తే మిగతా రెండు రేవులూ నిద్ర లేచేవి. అంత దగ్గర. అయినా మూడింటికీ ముగ్గురు ఏలికలు, మూడు సింహాసనాలు, మూడు గొడుగులు.

సంకుపాలెం రాజు పేరు సముద్రసింహుడు. అల మోకాలు దాటితే ఒడ్డుకు పరిగెత్తేవాడు. తాటిమొగ రాజు తరంగభీముడు. పడవ ఎక్కితే వాంతి చేసుకునేవాడు. పీతలరేవు రాణి రత్నాకరేశ్వరీదేవి. సముద్రపు వాసన పడదని మేడ కిటికీలన్నీ మూయించుకుంది. ఈ ముగ్గురి బిరుదులూ చదవాలంటే భట్టుకు మధ్యలో రెండుసార్లు దాహం వేసేది. పిల్లలూ, ఆ బిరుదులు నేను చెప్పను. మీకేమీ నష్టం లేదు.

వాళ్ళకొక కష్టం వచ్చింది. ఏటా వానాకాలంలో ఏరులు ఒండ్రు తెచ్చి, సముద్రంలో కలిసే మొగల దగ్గర మేట వేసేవి. లోతు తగ్గిపోయి ఓడలు అడుగు తగిలి కూలబడేవి. కాబట్టి పూడిక తియ్యాలి. తియ్యడం తప్పు కాదు. తీసింది ఎక్కడ పోస్తున్నారన్నదే సంగతి.

సంకుపాలెం వాళ్ళు తమ ఒండ్రు తీసుకెళ్ళి పీతలరేవు హద్దులో పోసేవారు. పీతలరేవు వాళ్ళు తాటిమొగ హద్దులో పోసేవారు. తాటిమొగ వాళ్ళు పడవ ఎటు తిరిగితే అటు పోసేవారు. ఆరు నెలలు గాలి దక్షిణం నుంచి వీచి ఆ మట్టినంతా ఉత్తరానికి తోసేది. మిగతా ఆరు నెలలు గాలి తిరగబడి దాన్నంతా వెనక్కి తెచ్చేది. ఎవరి మట్టి వాళ్ళ మొగలోకే, పక్కవాళ్ళ మట్టిని కూడా వెంటబెట్టుకుని వచ్చేది. మళ్ళీ తవ్వేవారు. మళ్ళీ పోసేవారు. దీన్ని వాళ్ళు రాజనీతి అనేవారు.

ఒక ఏడు సముద్రసింహుడికి కొత్త ఆలోచన తట్టింది. మూడు రేవుల ముందూ ఉప్పునీళ్ళలో మడ అడవి ఉంది. అది ఎవరిదీ కాదు. "ఎవరిదీ కానిచోట పోస్తే అడిగేవాడెవడు?" అన్నాడు. సభలో అందరూ ఆహా అన్నారు.

పూడిక పడవల పెద్ద పెంటయ్య మాత్రం తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "బాబూ, ఇది పీతలు గుడ్లు ఇడిసే నెలండి. ఇప్పుడు మడలో మట్టి పోత్తే పిల్లంటూ మిగల్దు."

"పీతలనడిగి నేను రాజ్యమేలాలా?" అన్నాడు రాజు.

పెంటయ్య వెళ్ళి మడలో మొదటి గంప పోశాడు. రెండో గంప తల మీదికి ఎత్తుకున్నాడు. అంతే, నీళ్ళు ఉబ్బి తాటిచెట్టంత ఒండ్రాసురుడు లేచాడు. కళ్ళ స్థానంలో రెండు బురద గుంటలు. "నా మీద నన్నే పోస్తావురా?" అని గర్జించాడు. పెంటయ్య కాళ్ళు మొదట మట్టి అయ్యాయి. తర్వాత నడుము, తర్వాత గంప పట్టుకున్న చేతులు. ఛాతీ లోతు నీళ్ళలో మట్టిబొమ్మై నిలిచిపోయాడు.

"పున్నమి పోటు వీడి తల ముంచుతుంది. కరిగి నాలో కలుస్తాడు. తొమ్మిది రోజులు గడువు," అని చెప్పి అసురుడు మునిగిపోయాడు.

కబురు రాజుకు చేరింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "వాడి తల మీదున్న గంప మన కోటదే. తెప్పించండి," అన్నాడు.

పెంటయ్యకు ఒక చెల్లెలు. పేరు నూకరత్నం, పదహారేళ్ళది. రేవులో లోతు చూసే పని ఆమెది. తాడు చివర ఇనుపగుండు, గుండు అడుగున చిన్న గుంట, ఆ గుంటలో తేనెమైనం. గుండు నీళ్ళలో వదిలితే తాడును బట్టి లోతు తెలుస్తుంది. మైనానికి అంటుకొచ్చిన మట్టిని బట్టి అడుగేమిటో తెలుస్తుంది. నూకరత్నం ఆ మట్టిని చూసి, వాసన పట్టి, నాలుక మీద వేసుకుని అది ఏ ఏటిదో చెప్పేది. రాజుగారి గంప మాట విన్నాక ఆమె గుండూ తాడూ దోనెలో పడేసుకుని మడ అడవిలోకి బయలుదేరింది.

మొదటి పాయలోనే బండి చక్రమంత పీత ఒకటి డెక్కలతో దోనెను పట్టి ఆపింది.

"ఎవర్తివే నువ్వు? మా ఇంటి మీద మట్టి పోసినోడికి ఏటౌతావు?"

"సెల్లెల్ని," అంది నూకరత్నం.

"కాదంటావనుకున్నాను. మీ ఊర్లో ఎవులూ ఔనన్రు కదా." పీత డెక్కలు కాస్త సడలించింది. "నా కన్నం పూడిపోనాది. లోన గుడ్లు ఉక్కిరిబిక్కిరైపోతన్నాయి. పోటు తిరిగొచ్చే లోపల తియ్యి. పార ముట్టుకోకు, గుడ్లు సితికిపోతాయి."

నూకరత్నం బోర్లా పడుకుని వేళ్ళతో తీసింది. గోళ్ళు ఊడొచ్చాయి. పోటు నీళ్ళు మోచేతికి తగిలేసరికి కన్నం తెరుచుకుంది. పీత లోపలికి తొంగి చూసి, మెత్తబడి, "లోపలికెల్తే బురదముని ఉంటాడు. మీ అన్న సంగతి ఆయన్నడుగు. పాటు ఏలే నోరిప్పుతాడు. తొందరపెట్టకు, ఉడుక్కుంటాడు," అని దారి ఇచ్చింది.

పాటు వేళ అంటే నీళ్ళు వెనక్కి తీసే వేళ. అప్పుడే ఆ ముని మూతి బయటికి వస్తుంది. మిగతా వేళల్లో నీళ్ళ కింద తపస్సు. నూకరత్నం వెళ్ళేసరికి గడ్డం నిండా నాచుతో, మెడ దాకా బురదలో కూర్చుని ఉన్నాడు.

"సామీ, మా అన్నని ఇడిపించే దారి సెప్పండి."

"మీ రాజు పేరేమిటి?"

"సముద్రసింహుడండి."

ముని నవ్వాడు. నవ్వి నవ్వి నోట్లోకి నీళ్ళు పోయి దగ్గాడు. "ఎంత సముద్రం? ఏ సింహం?" అని కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ అసురుడికి తల్లీ లేదు, తండ్రీ లేడు. ముగ్గురు కలిసి పారేసినవాడు. పోసినవాళ్ళే నోరు విప్పి 'ఇది మాది' అనాలి. అంటే..."

అంతలో పోటు వచ్చి మూతి మునిగిపోయింది. మిగతా మాట కోసం నూకరత్నం మళ్ళీ నీళ్ళు తీసేదాకా దోనెలోనే కూర్చుంది. ముని మూతి బయటపడగానే, ఆగినచోటి నుంచే అందుకున్నాడు.

"...అంటే చాలదు. వాళ్ళ చేతులతో ఎత్తాలి. మడ అంచున సముద్రం కోసుకుపోయిన చోటుంది చూడు, అక్కడ అరచేతి మందాన పరవాలి. గుట్టగా పోస్తే మొక్క చస్తుంది. పలచగా పరిస్తే మొక్క లేస్తుంది. ఈమాత్రం తెలియడానికి తపస్సు అక్కర్లేదు. కళ్ళుంటే చాలు. ఇక వెళ్ళు."

నూకరత్నం నేరుగా అన్న నిలబడిన చోటికి వెళ్ళింది. అలల తుంపరకు అన్న ముక్కు అప్పటికే కొంచెం కరిగింది. అది చూసి ఆమె గొంతు పెంచి అసురుణ్ణి పిలిచింది.

అసురుడు లేచాడు. "ధైర్యముంటే నాలో మీ రేవు మట్టి ఏదో ఏరి చూపు. తప్పు చెబితే అన్న పక్కన నిలబడు."

నూకరత్నం గుండు విసిరింది. అతని భుజం దగ్గర ఒకసారి, పొట్టలో ఒకసారి, మోకాలి దగ్గర ఒకసారి. మూడుసార్లూ మైనం చూసింది, నాలుక మీద వేసుకుంది. సంకుపాలెం నల్ల ఒండ్రు, పీతలరేవు ఉప్పుమడుల తెల్ల సున్నం, తాటిమొగ కొండ ఎర్రమట్టి. ఎక్కడ చూసినా మూడూ ఉన్నాయి.

"ఏరలేను," అంది. "పిడికెడు తీత్తే పిడికెట్లోనూ ముగ్గురున్నారు. ఇందులో మా వాటా ఉంది. లేదనను."

అసురుడి కళ్ళ బురద గుంటల్లోంచి నీళ్ళు కారాయి. "ఇన్నేళ్ళలో నా దగ్గరికి ముక్కు మూసుకోకుండా వచ్చినదానివి నువ్వొక్కతెవే," అన్నాడు. "కానీ నువ్వంటే చాలదు. పోయించినవాళ్ళు అనాలి. తీసుకురా."

మడలోనే అయిదు రోజులు గడిచిపోయాయి. గడువు ఇంక నాలుగు రోజులు.

నూకరత్నం ముందు సొంత రాజు దగ్గరికే వెళ్ళి ఉన్నమాట చెప్పింది. "బాబూ, ఒక్కపాలి వచ్చి ఆ మట్టి మనదే అనండి. మా అన్న బతుకుతాడు."

"ఛీ! బురద నాదంటానా? అది పక్కవాళ్ళది," అన్నాడు సముద్రసింహుడు. భటులు ఆమెను మెట్ల మీంచి తోసేశారు. ఆమె మోకాలు చెక్కుకుపోయింది. అక్కడే మెట్టు మీద కూర్చుని ఆలోచించింది. వీళ్ళ నెత్తిన తప్పు పెడితే దించేసుకుంటారు. గొప్ప పెడితే? దాని కోసం కొట్టుకు చస్తారు.

లేచి పీతలరేవు వెళ్ళింది. అక్కడ మట్టి మాట ఎత్తలేదు.

"రాణమ్మా, మడలో తాటిచెట్టంత అసురుడు లేసినాడు. మూడు రేవులూ కలిపి పుట్టించినోడే. అందులో పెద్ద వాటా ఎవులదో నాకు తెలక అడగడానికొచ్చినాను."

రాణి కిటికీ ఒకటి తెరిపించింది. "తాటిచెట్టంతా? అంత అసురుణ్ణి పుట్టించే స్తోమత ఆ ఇద్దరికీ ఎక్కడిది? పల్లకీ తెప్పించండి!"

తాటిమొగలో నూకరత్నం ఒక్క మాటే అంది. "పెద్ద వాటా తేల్సుకోడానికి రాణీగారు బయలెల్లినారండి." తరంగభీముడు భోంచేస్తున్నవాడు చెయ్యి కడగకుండానే లేచాడు. ఈ కబురు విన్న సముద్రసింహుడు ఇద్దరికంటే ముందు వెళ్ళాలని రేవుకు పరిగెత్తాడు. మెట్ల మీంచి ఎవరిని తోయించాడో ఆయనకు గుర్తు కూడా లేదు.

పున్నమినాటి పొద్దున మూడు పడవలు మడ దగ్గర చేరాయి. పోటు ఎక్కుతోంది. నీళ్ళు పెంటయ్య మెడ దాకా వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒక్కరూ అటు చూడలేదు. నూకరత్నం మాత్రం ఇంకెటూ చూడలేదు.

అసురుడు లేచి నిలబడ్డాడు.

"ఆహా! ఆ తల చూడండి, ఆ ఠీవి! అది మా వంశానిది," అన్నాడు సముద్రసింహుడు.

"తల పిడికెడు. పొట్ట చూడు. అంత పొట్ట మా కొండమట్టికే వస్తుంది. మాది!" అన్నాడు తరంగభీముడు, పడవ అంచు పట్టుకుని తేన్చుతూ.

"ఆ తెలుపు చూశారా? మొత్తం మాదే!" అంది రాణి, ముక్కు మూసుకున్న చెయ్యి తీసి వేలు చూపిస్తూ.

"మాది!"

"కాదు, మాది!"

"ముమ్మాటికీ మాదే!"

అసురుడు మూడు పడవల మీదికీ వంగాడు. "అయితే ఎత్తుకోండి," అన్నాడు.

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. "అది... ఆ మాట వరసకు..." అన్నాడు సముద్రసింహుడు. అన్న మాట అనేశాడు కాబట్టి అప్పటికే బురద పడవలోకి పాకి ఆయన కాళ్ళ చుట్టూ బిగుసుకుంది. మిగతా ఇద్దరివీ అంతే. నీళ్ళు పెంటయ్య గడ్డం తాకాయి.

నూకరత్నం గంపలు విసిరింది. "ఎత్తండి బాబూ, బేగి! గంప తల మీద పెట్టుకోవాల. ఆ కిరీటం తీసీండి, గంప నిలబడదు. రాణమ్మా, అలా రెండు వేళ్ళతో పట్టుకుంటే రాదు, కింద సెయ్యెట్టండి!"

ముగ్గురు ఏలికలూ అసురుడి ఒంటి మట్టి తోడి గంపలెత్తారు. ఎత్తగానే కాళ్ళ బురద వదిలింది. తరంగభీముడు దారిలో వాంతి చేసుకున్నాడు. సముద్రసింహుడు మడ అంచుకు చేరి, గంపను ఒక్కచోట గుమ్మరించబోయాడు.

"గుట్ట ఎయ్యకండి! అరసెయ్యి మందం, అంతే!" అని నూకరత్నం అరిచింది. రాజు జీవితంలో మొదటిసారి వంగి, చేత్తో పరిచాడు. పక్కన తరంగభీముడు పరిచాడు. ఆఖరున రాణి పరిచింది. మూడు గంపల మట్టి ఒకదాని పక్కన ఒకటి పడేసరికి నీళ్ళు పెంటయ్య కింది పెదవి తాకాయి.

మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది. లోపలి నుంచి పెంటయ్య బయటపడి, పెద్దగా తుమ్మి, ముక్కు తడుముకున్నాడు. ఉంది.

"ఓలే గుంటా! తొమ్మిది రోజులు నిలబెట్టీసినావు. కాళ్ళు లాగేత్తన్నాయి."

"నిలబడమని నానన్నానేటి?" అంది నూకరత్నం. అంటూనే నీళ్ళలోకి దూకి, అన్న మెడ పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

అసురుడు తన వంతుకు ఎదురు చూస్తూ నిలబడ్డాడు. "మిగతా నన్ను?" అని అడిగాడు. గొంతులో గర్జన లేదు.

"ఒక్క రోజులో అవదు. అవుద్ది," అని మాటిచ్చింది ఆమె.

తర్వాత ముగ్గురు ఏలికలూ పెద్ద సభ చేశారు. నడిమి ఆసనం ఎవరిదన్న దాని మీద ఏడు రోజులు వాదించుకున్నారు. ఆ ఏడు రోజుల్లో మూడు రేవుల పడవవాళ్ళు నూకరత్నం దగ్గర కూర్చుని ఒక పూటలో మాట్లాడుకుని లేచారు. మూడు మొగలకూ కలిపి ఒకటే తవ్వకం. పీతలు గుడ్లు విడిచే నెలలో పార ముట్టకూడదు. గుండు వేసి చూడకుండా గంపెడు మట్టి కదలకూడదు. ఏ మట్టి అయినా మడ అంచుకే పోవాలి, అరచేతి మందాన. సభ ముగిసేసరికి పని మొదలైపోయింది. ఏలికలు అది తమ ఆజ్ఞే అని చాటించారు. పడవవాళ్ళు చాటించుకోనిచ్చారు.

రెండేళ్ళకు అసురుడు పూర్తిగా పరుచుకున్నాడు. అతని వీపు మీద మడ మొక్కలు లేచాయి. గాలి ఏ వైపు తిరిగినా మట్టి అక్కడే వేళ్ళు పట్టుకుని ఉంది.

సముద్రసింహుడు కొడుకుకు నూకరత్నాన్ని అడిగాడు. ఆమె కుర్రవాడి చేతులు తిప్పి చూసి, "గంప ఎత్తడం నేర్సుకుని రమ్మనండి," అంది. అతను రాలేదు. తాటిమొగ పడవల్లో మట్టి పలచగా పరవడంలో దిట్టైన కొండోడనే పనివాడు ఉండేవాడు. అతన్ని చేసుకుంది. మూడు రేవుల వాళ్ళూ ఒకే పందిట్లో భోంచేశారు. అదివరకు ఎప్పుడూ జరగలేదు.

ఆ ఏడు చాలా కాలానికి ఒక పెద్ద ఓడ మొగ ముందుకొచ్చి ఆగింది. ఓడ నడిపే సరంగు నోటికి చేతులు అడ్డం పెట్టి, "ఇక్కడ పెద్ద ఎవరయ్యా?" అని కేకేశాడు.

ఒడ్డున ముగ్గురు ఏలికలూ ఒక్కసారే, "నేను!" అన్నారు.

"నీళ్ళెంత?" అని అడిగాడు సరంగు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాలుగు బారలు!" అని దోనెలోంచి నూకరత్నం బదులిచ్చింది. "వచ్చీ!"

ఓడ లోపలికి వచ్చింది.