గెడ్డలో సొరచేప

2047 మే 9న గనగళ్ల నూకరత్నానికి అన్యాయం జరిగింది. చేసింది మనుషులే. సాక్ష్యం మాత్రం యంత్రం చేత చెప్పించారు.

విశాఖలో ఒక వాగు, అక్కడివాళ్ల మాటలో గెడ్డ, సముద్రంలో కలిసే చోటుకి అర కిలోమీటరు ఎగువన, ఇరవై రెండేళ్లుగా చేపలు కోసి అమ్ముతోంది నూకరత్నం. కత్తిపీట కడిగేదీ ఆ గెడ్డలోనే. ఆమె కూర్చునే రాయికి పది గజాల దిగువన, జలచరాల మీద పరిశోధన చేసే డాక్టర్ హిమజ తన యంత్రాన్ని నీళ్లలోకి దింపింది. నీళ్లలో బతికే ప్రతి ప్రాణీ ఇంత పొలుసో, జిగురో రాల్చుకుంటుంది. అందులోని డీఎన్ఏ చదివి, ఏయే జాతులున్నాయో యంత్రం చెప్పేస్తుంది. వల వెయ్యక్కర్లేదు. ఒక్క చేప మొహమైనా చూడక్కర్లేదు. పెద్ద చదువులవాళ్లకి అంతకంటే ఏం కావాలి?

ముప్పై ఒక్క జాతులంది యంత్రం. వంజరం, చందువా, కానాగంత, సొర కూడా.

"సముద్రం వేడెక్కుతోంది కదా, చల్లదనం కోసం ఇటు ఎదురెక్కుతున్నాయి," అంది హిమజ, కళ్లు మెరుస్తుండగా.

"ఏటమ్మా, ఈ మోకాల్లోతు నీళ్లలోకి సొరచేపొచ్చిందా? ఆటో కట్టించుకొచ్చిందేటి?" అంది నూకరత్నం. "అది పొద్దున్న నాను కోసి కడిగిందమ్మా."

"యంత్రం అబద్ధం చెప్పదండీ."

"దానికేటి తెలుసు పాపం! నువ్వు నన్నడగాల."

అడగలేదు. పది జాతులు దాటిన నీటిని రక్షించి తీరాలని చట్టం. కంచె వేశారు. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ నిలవదు కాబట్టి అడుగున గాలి గొట్టాలు పరిచారు. చేపల్ని కాపాడాలని చేపలావిడని లేపేశారు. కొళాయి కూడా లేని సందులో కూర్చుని ఆమె సగం బేరాలు పోగొట్టుకుంది.

ఆగస్టులో హిమజ ఆ సందు వెతుక్కుంటూ వచ్చింది.

"మిమ్మల్ని లేపాక మళ్లీ చూస్తే రెండే జాతులు. పరిగె, జెల్ల. మీరు చెప్పిందే నిజం."

"మరైతే కంచె తీయించు. నా చోటు నాకిచ్చీ."

"తీసేస్తారు. పదికి తగ్గితే గొట్టాలూ తీసేస్తారు. వచ్చే ఎండాకాలం ఆ రెండూ ఊపిరాడక చచ్చిపోతాయి." హిమజ గొంతు తగ్గించింది. "శనివారం తనిఖీ. శుక్రవారం మీరొచ్చి ఒక్కసారి కత్తిపీట కడిగితే..."

నూకరత్నం పకపకా నవ్వింది. "నన్ను దొంగలా లేపేసి, దొంగలెక్కకి నన్నే పిలుస్తన్నావా డాక్టరమ్మా?"

నూకరత్నం కత్తి తుడిచి పక్కన పెట్టింది.

"వస్తాను. ఆ పరిగెలు నా కాళ్ల కాడ పెరిగినాయి. కానీ ఒక్క పూటకి రాను, రోజూ కూకుంటాను. కంచెకి గేటెట్టించు. తాళం నా బొడ్లో ఉండాల."

బుధవారానికి గేటు లేచింది. శుక్రవారం నూకరత్నం పంతానికి మరో మూడు రకాలు ఎక్కువే కోసింది. శనివారం తనిఖీ పుస్తకంలో హిమజ స్వహస్తాలతో రాసింది: సహజ జలచరాలు, ముప్పై నాలుగు జాతులు. 2047 ఆగస్టు 17.